బొంత లోపలి పొర: ప్యాకెట్టా, రోలా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంట్లోనే కుట్టు మిషను మీద చంటిపిల్లల బొంతలు కుడతాను. నారాయణవనం, నగరి వైపు నుంచి వచ్చే నూలు గుడ్డ ముక్కలు అతికి పైభాగం చేస్తాను. సైజు 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు. నెలకు నాలుగైదు అమ్ముడుపోతాయి, ఎక్కువమంది బారసాలకు కానుకగా తీసుకుంటారు. ఇన్నాళ్లూ లోపలి పొర కోసం ఆన్‌లైన్‌లో చిన్న బ్యాటింగ్ (బొంత లోపల వేసే పీచు పొర) ప్యాకెట్లు తెప్పించుకుంటున్నాను, ఒక్కో బొంతకు ఒక్కోటి. వచ్చే లాభమంతా దానికే పోతోంది. చెన్నైలో ఒక హోల్‌సేల్ షాపాయన 60 అంగుళాల వెడల్పు, 100 జీఎస్ఎం పాలీఫిల్ (పాలియెస్టర్ పీచు షీటు) 50 మీటర్ల రోలు తీసుకుంటే బాగా తగ్గించి ఇస్తానంటున్నాడు. మావారు తీసుకోమంటున్నారు. మా అత్తగారేమో ఇవన్నీ ఎందుకు, పాత చీరలు వేసి కుట్టమంటారు. మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఈమధ్యే డబుల్ కాట్‌కు 80 బై 90 అంగుళాల కలంకారీ బొంత ఒకటి పెళ్లి ఆర్డరు కూడా వచ్చింది. టెన్షన్‌గా ఉంది. ప్యాకెట్టా, రోలా? మిగిలే పీలికలు ఏం చేయాలి? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ 50 మీటర్ల రోలు సంగతి తేల్చేద్దామమ్మా. ఇప్పుడు తీసుకోకండి. షాపాయన మోసం చేస్తున్నాడని కాదు, మీవారి లెక్క తప్పనీ కాదు. మీటరు ధర చూస్తే రోలే చవక. కానీ మీరు అమ్మేది మీటర్లు కాదు, బొంతలు. అందుకని లెక్క బొంతతో మొదలుపెట్టాలి.

36 బై 45 బొంతకు లోపలి పొర అదే కొలతకు కత్తిరిస్తే చాలదు. కుట్టేటప్పుడు జరుగుతుంది, కొంచెం లోపలికి లాగుతుంది. నాలుగు వైపులా రెండేసి అంగుళాలు వదులుకోవాలి. అంటే మీకు కావలసిన ముక్క 40 బై 49. ఈ రెండు అంకెలు మిషను పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి, ఏది కొన్నా వీటితోనే పని.

60 అంగుళాల రోలు మీద 40 వైపును అడ్డంగా పెట్టారనుకోండి. పొడవులో 49 అంగుళాలు ఖర్చవుతుంది, పక్కన 20 అంగుళాల పట్టీ వృథాగా మిగులుతుంది. అదే 49 వైపును అడ్డంగా పెడితే పొడవులో 40 అంగుళాలే పడుతుంది, మిగిలేది 11 అంగుళాల పట్టీ. 40 అంగుళాలంటే మీటరు మీద ఒకటిన్నర సెంటీమీటరు. కాబట్టి బొంతకు మీటరు అనుకోవచ్చు. 50 మీటర్లలో 49 బొంతలు వస్తాయి. మీకు నెలకు నాలుగైదు అమ్ముడుపోతాయన్నారు కదా, అంటే ఆ రోలు పది నెలల నుంచి ఏడాది దాకా ఆ రెండు గదుల్లోనే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ తేమ, ఎలుకలు, ఇల్లు మారాల్సి వస్తే ఆ అవస్థ, అన్నీ దాంతోపాటే. కట్టిన డబ్బు కూడా అన్నాళ్లూ అందులోనే ఇరుక్కుపోతుంది.

రవాణా ఖర్చు కూడా చూసుకోండి. 60 అంగుళాల వెడల్పున 50 మీటర్లంటే 76 చదరపు మీటర్లు. 100 జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు 100 గ్రాములు కాబట్టి రోలు అసలు బరువు ఏడున్నర కిలోలకు కాస్త ఎక్కువ. చేత్తో ఎత్తేయొచ్చు. కానీ కొరియర్ వాళ్లు తేలికైన పెద్ద పార్శిలుకు బరువు చూసి డబ్బు తీసుకోరు, సైజు చూసి తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. రోలు పొడవు 155, మందం 60 అనుకోండి. 155ను 60తో, మళ్లీ 60తో గుణించి 5000తో భాగిస్తే 111 కిలోలు దాటుతుంది. ఏడున్నర కిలోల సరుకుకు 111 కిలోల బిల్లు! అందుకని ఎప్పుడు రోలు కొన్నా ఆర్టీసీ కార్గోలోనో, ట్రాన్స్‌పోర్టు లారీలోనో వేయించుకోవాలి. ఛార్జీ ఎంతో ముందే అడిగి, దాన్ని 49తో భాగించి ఒక్కో బొంత మీద వేసుకోవాలి.

ఇక మీరు ఇప్పుడు కొంటున్న చిన్న ప్యాకెట్ల సంగతి. లాభం పోతున్నది అక్కడే. క్రిబ్ సైజు, అంటే చంటిపిల్లల మంచం సైజు అని అమ్మేది 45 బై 60 అంగుళాలు. అందులో 40 బై 49 ముక్క ఒక్కటే వస్తుంది, పావు వంతుకు పైగా పీలికల్లోకి పోతుంది. అదే క్వీన్ సైజు ప్యాకెట్టు 90 బై 108. 90 వైపున రెండు నలభైలు, 108 వైపున రెండు నలభైతొమ్మిదులు పడతాయి. ఒక్క ప్యాకెట్టులో నాలుగు బొంతలు. కింగ్ సైజు 120 బై 120లో మూడు నలభైలు ఒకవైపు, రెండు నలభైతొమ్మిదులు ఇంకోవైపు, మొత్తం ఆరు. కత్తిరింపులో పోయే వృథా కూడా క్వీన్, కింగ్ ప్యాకెట్లకూ 60 అంగుళాల రోలుకూ దాదాపు ఒక్కటే. ప్యాకెట్టంటే వృథా, రోలంటే పొదుపు అని అందరూ అనుకుంటారు గానీ, మీ కొలతకు వృథా విషయంలో పెద్ద ప్యాకెట్టు రోలుతో సమానం. ఈరోజే క్వీన్ ప్యాకెట్టు ధర చూసి నాలుగుతో భాగించండి, చిన్న ప్యాకెట్టు ధర పక్కన పెట్టి చూడండి. చాలాచోట్ల ఆ తేడాలోనే మీ లాభం బయటపడుతుంది. కొనేముందు ప్యాకెట్టు మీద అంగుళాలు చదవండి. ఒక్కో కంపెనీ క్వీన్ ఒక్కోలా ఉండొచ్చు. 90కి బదులు 78 ఉంటే ఈ లెక్కంతా తారుమారవుతుంది.

ఇంతకీ ప్యాకెట్టులో ఉన్నదీ, షాపాయన ఇచ్చే రోలులో ఉన్నదీ ఒకే సరుకు కాదు. ధర పోల్చేటప్పుడు ఇది మర్చిపోతారు చాలామంది. క్విల్టింగ్ కోసం అమ్మే ప్యాకెట్లలో ఎక్కువగా నూలు, లేదా 80 పాళ్లు నూలు, 20 పాళ్లు పాలియెస్టర్ కలిపినది ఉంటుంది. సన్నని సూదులతో పొడిచి పొడిచి పీచును ఒకదానిలో ఒకటి అల్లుకునేలా చేస్తారు. పలచగా, గుడ్డలా ఒదుగుతుంది. మన టైలరింగ్ సామాన్ల కొట్లలోనూ, పరుపుల కొట్లలోనూ మీటరు లెక్కన దొరికే పాలీఫిల్ షీటు పూర్తిగా పాలియెస్టర్. ఉబ్బుగా, తేలిగ్గా, తెల్లగా ఉంటుంది. ఉతికితే కుదించుకుపోదు, వానాకాలంలో కూడా తొందరగా ఆరుతుంది. కానీ గాలి ఆడదు, చెమట పీల్చదు. తిరుపతి ఎండల్లో చంటిపిల్లల వీపు కింద అది పెద్ద లోటే. ఏప్రిల్, మే నెలల్లో కుట్టేవాటికి నేనైతే పలచటి నూలు పొరే వేస్తాను, లేకపోతే ఉతికిన నూలు పంచె గుడ్డ ఒకటి రెండు మడతలు.

ఒక మాట. ఏడాదిలోపు పిల్లలు నిద్రపోయేచోట మెత్తటి బొంతలూ, వదులుగా ఉండే దుప్పట్లూ పెట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. మూతికి అడ్డం పడే ప్రమాదం ఉంది. కాబట్టి మీ బొంతను మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించడానికని చెప్పి అమ్మండి. దానికి పలచటిదే సరిపోతుంది కూడా.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. పాత నూలు చీరలు రెండు మూడు పొరలు వేసి దగ్గర దగ్గరగా రన్నింగ్ కుట్టు వేసే బొంత మన ఎండకు సరిగ్గా సరిపోయేది. లోపలి పొర జరుగుతుందన్న భయం ఉండదు, గుడ్డ అప్పటికే వందసార్లు ఉతికింది కాబట్టి కుదించుకుపోదు, రంగు దిగదు. ఇబ్బంది వేరేచోట ఉంది. బారసాల కానుకలో వేరేవాళ్లు కట్టిన చీరంటే కొందరు ఒప్పుకోరు. అందుకని అమ్మే బొంతల్లో చెప్పకుండా పాత చీర వేయొద్దు. కావాలంటే ఆర్డరు ఇచ్చేవాళ్లనే అడగండి, వాళ్ల అమ్మమ్మ చీరో నాయనమ్మ చీరో ఇస్తే లోపల వేసి కుడతానని. సంతోషంగా తెచ్చిస్తారు, అప్పుడు లోపలి పొర ఖర్చే ఉండదు. అలా కుట్టిన బొంతకు కూలి తగ్గించకండి. ఆ దగ్గరి కుట్టుకు పట్టే టైము ఎక్కువ.

కొందరు పరుపుల కొట్లో దూది ఏకించి వేయమంటారు. వద్దు. ఏకిన దూది షీటుగా నిలబడదు. అంగుళానికో కుట్టు వేస్తే తప్ప ఒక్క ఉతుకుకే ఒక మూలకు చేరి ముద్దకడుతుంది. బూరుగు దూది అసలే పనికిరాదు. అది జారుతుంది, కుట్టు కన్నాల్లోంచి బయటికి వస్తుంది, తలగడల వరకే దాని పని. మరో సంగతి, కొట్లో పాలీఫిల్ అడిగితే బ్లౌజు కప్పులకూ బ్యాగులకూ వాడే ఫోమ్ షీటు తీసి చూపిస్తారు. చూడ్డానికి నునుపుగా, చక్కగా ఉంటుంది. బొంతలో వేస్తే కొన్నాళ్లకు పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది.

మరి రోలు మీద సరుకు ఎలా కొనాలి? మొత్తం రోలు కాకుండా మీటరు లెక్కన కోయించుకోండి. పది మీటర్లు అడిగితే మీకు తొమ్మిది బొంతలే వస్తాయి, 33 అంగుళాల ముక్క ఎందుకూ పనికిరాకుండా మిగులుతుంది. పది మీటర్ల ఇరవై సెంటీమీటర్లు అడగండి, సరిగ్గా పది వస్తాయి. రెండు నెలల సరుకు అది. మడిచి పాత దుప్పట్లో మూట కట్టి బీరువా మీద పెట్టుకోవచ్చు.

కోసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. పాలీఫిల్ లాగితే సాగుతుంది. మీటరు బద్ద మీద గట్టిగా లాగి కొలిచి కోస్తే ఇంటికొచ్చేసరికి మీటరుకు రెండు మూడు అంగుళాలు తక్కువుంటుంది. బల్ల మీద వదులుగా పరిచి కొలవమని అడగండి, మొహమాటం అక్కర్లేదు. బయటి చుట్టు దుమ్ము పట్టి, చేతుల మరకలతో ఉంటుంది కాబట్టి అది వదిలేసి లోపలి నుంచి ఇమ్మనండి. తర్వాత ఒక మీటరు విప్పి వెలుతురుకు ఎత్తి పట్టండి. మంచి షీటులో వెలుతురు అంతటా ఒకేలా వస్తుంది. నాసిరకంలో కొన్నిచోట్ల మబ్బులా మందంగా, కొన్నిచోట్ల అవతలి మనిషి కనిపించేంత పలచగా ఉంటుంది. ఆ పలచటి చోటే బొంత ముందుగా చితికిపోతుంది. అంచులు రెండు వైపులా ఒక్కో అంగుళం పలచగానే ఉంటాయి, అది లెక్కలోకి తీసుకోకండి. 60లో మీకు నికరంగా పనికొచ్చేది 58 అనుకోండి. 49కి అది చాలు.

100 జీఎస్ఎం అన్న మాట నిజమో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. 50 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి వంటింటి త్రాసు మీద పెట్టండి. 25 గ్రాములు తూగాలి. 18, 19 తూగితే అది 80కి కూడా రాదు, ధర ఆ లెక్కనే అడగండి. నూలు అని చెప్పి అమ్మినదాన్ని చిన్న పీచు తీసి నిప్పుకు చూపిస్తే తెలిసిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసనతో కాలి బూడిదవుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. కలిపినదైతే రెండూ కనిపిస్తాయి. ఇది పట్టకారుతో, సింకు దగ్గర చేయండి.

పైపొరను వేలితో రుద్దడం కూడా చూడండి. పాలీఫిల్ షీటు రెండు వైపులా పీచు కదలకుండా జిగురు చల్లి గానీ వేడి పెట్టి గానీ అతికిస్తారు. పదిసార్లు రుద్దగానే నూగు లేచి వేలికి అంటుకుంటే ఆ నూగే తర్వాత గుడ్డ నేతలోంచి బయటికి వస్తుంది. నగరి పవర్‌లూమ్ గుడ్డ కొంచెం వదులు నేత అయితే ఇంకా తొందరగా వస్తుంది. ముదురు రంగు గుడ్డ మీద తెల్లటి నూగు లేస్తే కొన్నవాళ్లు బూజు పట్టిందనుకుంటారు.

ఈ పరీక్షలన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. 12 అంగుళాల చదరపు నమూనా కుట్టండి. పైన మీ గుడ్డ, లోపల పొర, కింద మీరు వాడే గుడ్డ. మధ్యలో పెన్నుతో 10 అంగుళాల చదరం గీసి, మీ మామూలు కుట్టు వేసి, మిషన్లో మూడుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. తర్వాత ఆ చదరం కొలవండి. నూలు పొరలు సాధారణంగా 3 నుంచి 5 శాతం కుదించుకుంటాయి. 10 అంగుళాలకు అర అంగుళం అంటే చిన్నగానే అనిపిస్తుంది గానీ, 45 అంగుళాల బొంతలో అది రెండుంపావు అంగుళాలు. పొర ఎక్కడైనా ముద్దకట్టిందా, కుట్ల మధ్య వదులుగా తేలుతోందా చేత్తో తడిమితే తెలుస్తుంది. ఇది చేయకుండా కొత్త సరుకు ఏదీ ఆర్డరులో వేయొద్దు, ప్యాకెట్టైనా రోలైనా.

ప్యాకెట్టుకు ఉన్న అసలు లాభం ఇక్కడే ఉంది. దాని మీద అన్నీ రాసి ఉంటాయి. ఏ పీచు, ఎంత కుదింపు, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎన్ని అంగుళాల దాకా వదలొచ్చు, ఎలా ఉతకాలి. రోలుకు కూడా లేబులు ఉంటుంది గానీ, మీటరు లెక్కన కొనేవాళ్లం వెళ్లేసరికి బయటి ప్లాస్టిక్ కవరుతోపాటు అది పోయి ఉంటుంది. కొత్త రోలు విప్పేటప్పుడు మీరు అక్కడే ఉంటే ఫోన్లో ఫొటో తీసుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు అదే సరుకు ఉందో లేదో ఆ ఫొటో చూపించి అడగొచ్చు. పేరు ఒకటే అయినా రోలుకూ రోలుకూ మందంలో, తెలుపులో తేడా వస్తుంది. కవల పిల్లలకు జత బొంతలు అడిగితే రెండూ ఒకే కోతలోంచి కత్తిరించండి.

పెళ్లి ఆర్డరు వేరే కథ. దానికి మాత్రం నేను ఆలోచించకుండా ప్యాకెట్టే అంటాను. 80 బై 90 బొంతకు నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు వదలాలి, పెద్దది కాబట్టి ఎక్కువ జరుగుతుంది. 88 బై 98 ముక్క కావాలి. 90 బై 108 క్వీన్ ప్యాకెట్టులో అతుకు లేకుండా వస్తుంది. 60 అంగుళాల రోలు మీద అయితే అతకాల్సిందే. అప్పుడైనా నిలువు పట్టీలుగా వేస్తే అయిదు మీటర్లు పడుతుంది. 88 అంగుళాల ముక్కలు రెండు కోసి అడ్డంగా వేస్తే నాలుగున్నర మీటర్లతో అయిపోతుంది. అయినా పెళ్లి కానుకలో నడిమధ్యన అతుకు నాకు నచ్చదు.

కలంకారీ అన్నారు కాబట్టి ఇంకో కారణం కూడా ఉంది. శ్రీకాళహస్తి కలంతో వేసిన గుడ్డైతే బొమ్మల ముఖాల మీదుగా, చేతుల మీదుగా కుట్టు పోనివ్వలేం. బొమ్మ చుట్టూ గీత వెంబడి కుట్టి లోపల ఖాళీగా వదిలేస్తాం. అప్పుడు కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం పెరుగుతుంది. జాలి పొర లేని వదులు నూలు బ్యాటింగ్ కొన్నిటికి మూడు నాలుగు అంగుళాలకు ఒక కుట్టు పడాలి, లేకపోతే ఉతుకులో చీలిపోతుంది. సన్నని జాలి పొర అతికించి సూదులతో పొడిచిన రకాలు ఎనిమిది, పది అంగుళాల దాకా ఆగుతాయి. ప్యాకెట్టు మీద ఆ అంకె చూసే కొనండి. కుదింపు శాతం కూడా తక్కువున్నది చూడండి. నూలు పొర కుదించుకుంటే బొంత మీద ముడతలు వస్తాయి, పిల్లల బొంతకు ఆ ముడతలు అందమే. కలంకారీ బొమ్మ ముఖం ముడత పడితే బాగుండదు. 80-20 రకం తీసుకుని, తడపొచ్చని లేబులు మీద ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా నొక్కి, పరిచి ఆరబెట్టుకుంటే కుదింపు ముందే పోతుంది. కలంకారీ గుడ్డను మాత్రం చన్నీళ్లలో విడిగా జాడించి నీడన ఆరేయండి. రంగు దిగుతుంటే నీళ్లు తేరేదాకా జాడించాకే కుట్టు మొదలుపెట్టాలి. లేకపోతే ఆ రంగు లోపలి తెల్ల పొరకూ, కింది గుడ్డకూ పడుతుంది.

ఇంకోటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ గుడ్డ మీద బొమ్మలేమిటి? రామాయణ పటమో, అమ్మవారో అయితే దాని మీద పడుకునేదెలా, కాళ్లు తగిలేదెలా అని పెళ్లివాళ్లింట్లో ఎవరో ఒక పెద్దావిడ అంటుంది. నెమలి, తామర, కల్పవృక్షం లాంటివైతే ఏ గొడవా ఉండదు. కోత పడకముందే ఒక ఫోన్ చేసి అడగండి.

ప్యాకెట్టు విప్పగానే మడతలు గట్టిగా పడి ఉంటాయి. ముందురోజే తీసి మంచం మీద పరిచి, కొంచెం నీళ్లు చిలకరించి ఫ్యాను కింద రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి చాలావరకు పోతాయి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి తీసుకురాకండి, పాలియెస్టర్ కలిసిందైతే అట్ట కడుతుంది. సూదులతో పొడిచిన పొరకు ఒకవైపు చిన్న గుంటలు, ఇంకోవైపు చిన్న పొక్కుల్లా వేలికి తెలుస్తాయి. గుంటలున్న వైపు పైకి ఉంచండి. మన సూది కూడా ఆ దిశలోనే దిగుతుంది, పీచు కిందికి లాక్కురాదు. రోలు మీద వెడల్పు రకాలు మధ్యకు మడిచి చుట్టి ఉంటాయి, ఆ నడిమి మడత పోవడానికీ ఇలాగే నీళ్లు చిలకరించి పరిచి వదిలేయాలి.

ఇక రోలు ఎప్పుడు? ఒకే కొలతలో నెలకు పది పన్నెండు బొంతలు అమ్ముడుపోవడం మొదలై, ఆ జోరు వరసగా కొన్ని నెలలు నిలబడితే అప్పుడు. 49 బొంతలు నాలుగైదు నెలల్లో తేలిపోతాయంటే రోలు పెట్టుకోవడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా షాపాయన చెప్పిన 50 మీటర్లు నిజంగా 50 ఉన్నాయో లేదో తూకంతో చూసుకోవచ్చు. లోపలి అట్ట గొట్టం బరువు తీసేశాక ఏడున్నర కిలోలకు బాగా తక్కువుంటే పొడవైనా తగ్గింది, జీఎస్ఎం అయినా తగ్గింది. ఇంట్లో రోలును నిలబెట్టకండి, కిందికి జారి ఒకవైపు ఉబ్బుతుంది. అటక మీద పడుకోబెట్టి, పాత నూలు దుప్పటి చుట్టండి. పైన బరువు పెట్టొద్దు. నూలు రోలైతే ప్లాస్టిక్‌లో బిగించి ఉంచితే వానల్లో ముక్కవాసన పడుతుంది. మీలాగే కుట్టేవాళ్లు ఇంకో ఇద్దరు తెలిసుంటే ఒక రోలు పంచుకోవడం ఇంకా మేలు. కోత మాత్రం ముగ్గురూ ఒకేచోట కూర్చుని కోయండి, తర్వాత మాటలు రాకుండా.

మిగిలే పీలికలు పారేయకండి. మీ లెక్కలో బొంతకు 11 అంగుళాల పట్టీ ఒకటి మిగులుతుంది. పలచటి అంచు తీసేస్తే తొమ్మిదో పదో ఉంటుంది, పొడవు 40. రెండు పట్టీలను అతకాలంటే ఒకదాని మీద ఒకటి వేయొద్దు, పైన గట్టు కడుతుంది. అంచులు నిటారుగా కత్తిరించి, పక్కపక్కన ఆనించి, మిషను మీద వెడల్పు జిగ్‌జాగ్‌తో లాగకుండా కుట్టండి. చేత్తో అయితే అటూ ఇటూ ఏటవాలు కుట్టు, దారం బిగించకుండా. ఇలా అయిదారు పట్టీలు కలిస్తే ఇంకో బొంత పొర తయారవుతుంది. అన్ని అతుకులున్నది అమ్మకానికి వద్దు, ఇంట్లోకి కుట్టుకోండి. నమూనాలకూ, కుర్చీ మీద వేసుకునేవాటికీ, టిఫిన్ బ్యాగు లోపలి పొరకూ కూడా ఇవే వాడొచ్చు. వేడి గిన్నెలు దించే గుడ్డలకు మాత్రం పాలీఫిల్ ముక్కలు వేయకండి. బాగా కాగిన మూకుడు పట్టుకుంటే లోపల కరిగి అట్ట కడుతుంది, చెయ్యి కూడా కాలుతుంది. వాటికి నూలు బ్యాటింగ్ ముక్కలు రెండు పొరలు వేయండి, లేకపోతే పాత టర్కీ టవలు మడతలు వేసి కుట్టండి.